కమీషను బాకీకి కూడా కాలదోషం పడుతుంది: దావా వేయాలా వద్దా?



గత ఆదివారం మన సంఘం ఆఫీసుకు ఒక తండ్రి, కొడుకు వచ్చారు. తండ్రి నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన సభ్యుడు. వాళ్ల తాతగారి కాలంలోనే షావుకారుపేటలో స్థిరపడిన కుటుంబం. కొడుక్కి ముప్పైనాలుగేళ్లు. ప్యారిస్ దగ్గర ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే ఒక సంస్థలో తొమ్మిదేళ్లు సేల్స్‌మన్‌గా తిరిగాడు. గుమ్మిడిపూండి నుంచి తిండివనం దాకా ఏ ఊళ్లో ఏ కొట్టువాడు ఎంత సరుకు ఎత్తుతాడో నోటి లెక్కగా చెప్పగలడు. 2024 జూన్ ఆఖర్న ఉద్యోగం మానేశాడు. చివరి పదమూడు నెలల కమీషను, సగటున నెలకు 22 వేల చొప్పున మొత్తం 2,86,000 రూపాయలు, ఇంతవరకు చేతికి రాలేదు.

"బాబాయిగారూ, కోర్టుకు వెళ్లాలా వద్దా, మీరే చెప్పండి" అన్నాడు అబ్బాయి. తండ్రి మాత్రం, "మనవాడి మీద మనమే దావా వేస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. ఆ యజమానీ తెలుగువాడే మరి. ప్రతి ఏడూ మన ఉగాది భోజనాలకు చందా ఇచ్చే పెద్దమనిషి.

ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ముందే చెప్పేస్తాను. ఈ విషయం నా దగ్గరికి రావడం ఇది మొదటిసారి కాదు. ఏడాది కిందటే వచ్చారు. నేను ఆ యజమానితో రెండుసార్లు మాట్లాడాను. రెండుసార్లూ కాఫీ ఇప్పించి, "చూద్దాం కార్యదర్శిగారూ, పండగ వెళ్లనివ్వండి" అన్నారు. నేనూ సరేనన్నాను. చందా ఇచ్చే మనిషిని గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదన్నదే నిజం. మేము అలా పండగలు వెళ్లనిస్తుండగా ఒక నెల కమీషనుకు చట్టప్రకారం గడువే వెళ్లిపోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మూడేళ్ల లెక్క

రావలసిన డబ్బు కోసం కోర్టుకు వెళ్లడానికి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. జీతం, వేతనం బాకీ అయితే ఆ మూడేళ్లు డబ్బు ఇవ్వవలసిన రోజు నుంచి మొదలవుతాయి, ఉద్యోగం మానేసిన రోజు నుంచి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. "2024 జూన్‌లో మానేశాను, 2027 జూన్ దాకా టైముంది" అని ఈ అబ్బాయి కూడా అనుకున్నాడు.

అతని నియామక పత్రంలో ఏ నెల కమీషను ఆ పైనెల 10వ తేదీలోగా ఇవ్వాలని ఉంది. అంటే 2023 జూన్ కమీషను 2023 జూలై 10కి ఇవ్వాలి. దానికి మూడేళ్లు మొన్న జూలై 10తో నిండిపోయాయి. 2023 జూలై కమీషనుకు ఈ ఆగస్టు 10తో నిండుతాయి. ఆ తర్వాత నెలకొక నెల చొప్పున రాలిపోతూనే ఉంటుంది. మధ్యవర్తులు మాట్లాడుతున్నారనో, లాయరు నోటీసు పంపారనో ఈ గడియారం ఆగదు.

దాన్ని మళ్లీ మొదటికి తిప్పగల మార్గం ఒకటి ఉంది. గడువు తీరకముందే యజమాని "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేసి ఇస్తే, ఆ సంతకం తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్కవేస్తారు. లిమిటేషన్ చట్టం 18వ సెక్షను చెప్పేది ఇదే. "బాకీ ఉన్నమాట నిజమే, కానీ ఇవ్వడానికి ఇంకా సమయం రాలేదు" అని రాసినా అది ఒప్పుకోలుగానే చెల్లుతుంది. కొంత సొమ్ము ఇచ్చి, ఆ ఇచ్చినట్టు ఆయన చేతిరాతలోనో సంతకంతోనో ఉంటే 19వ సెక్షను కింద అదీ పనికొస్తుంది. ఫోనులో అన్న "చూద్దాం" మాత్రం దేనికీ పనికిరాదు. ఈమెయిలు, వాట్సాప్ మాటల మీద కోర్టులో వాదన జరుగుతుంది, సంతకం ఉన్న కాగితం మీద అంత వాదన ఉండదు.

అందుకే మధ్యవర్తిగా వెళ్లేవాడు మొదట అడగవలసింది డబ్బు కాదు, బాకీ లెక్క మీద ఒక సంతకం. ఇవ్వాలన్న ఉద్దేశం నిజంగా ఉన్న మనిషికి ఆ సంతకం పెట్టడం కష్టం కాదు. పెట్టనంటే ఆయన మనసులో ఏముందో అప్పుడే తెలిసిపోతుంది. ఏడాది కిందట నేను ఆ పని చేసి ఉంటే ఆ 22 వేలు పోయేవి కావు.

కొత్త చట్టంలో కమీషను ఎక్కడుంది?

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఉద్యోగం పోయినా, మానేసినా రెండు పనిదినాల్లో వేతనం లెక్క తేల్చాలని వేతనాల కోడ్ అంటోంది. క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువు ఇచ్చింది. విచారించే అధికారి అసలుతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయవచ్చు. బాకీ చెల్లించామని నిరూపించే భారం యజమాని మీద పెట్టింది. ఇవన్నీ విని మన పిల్లలు "ఇక మాకు భయం లేదు" అంటున్నారు. కమీషను మీద బతికేవాళ్లు మాత్రం కొంచెం ఆగి చదవాలి.

ఆ కోడ్‌లో 'వేతనం' అంటే ఏమిటో చెప్పేచోట, వేతనం కానివాటి జాబితా ఒకటి ఉంది. బోనసు, ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, ఓవర్‌టైము వగైరాలతో పాటు కమీషను కూడా ఆ జాబితాలో ఉంది. వేతనం చెల్లింపు విషయానికి వచ్చేసరికి ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, ఓవర్‌టైము లాంటి నాలుగింటిని మళ్లీ లెక్కలోకి తీసుకోవాలన్నారు. ఆ నాలుగింటిలో కమీషను లేదు. 1936 నాటి పాత వేతన చెల్లింపు చట్టంలో కమీషనును ఇలా పేరుపెట్టి పక్కకు నెట్టలేదు. కాకపోతే నెలకు 24 వేలు దాటిన వాళ్లకు ఆ చట్టం వర్తించేది కాదు, క్లెయిముకు గడువు పన్నెండు నెలలే. ఈ అబ్బాయికి జీతం, కమీషను కలిపి 36 వేలు కాబట్టి పాత చట్టమూ అతనికి అక్కరకు రాలేదు.

కొత్త కోడ్ ఒక్క ఊరట ఇచ్చింది. వేతనం కాదన్న పద్దులన్నీ కలిసి మొత్తం రాబడిలో సగం దాటితే, దాటినంత భాగాన్ని వేతనంగా లెక్కకట్టాలి. ఈ రోజు ఒకరికి జీతం 14 వేలు, కమీషను 22 వేలు అనుకోండి. మొత్తం 36 వేలు, అందులో సగం 18 వేలు. కమీషను 22 వేలు గనుక సగం మీద దాటిన 4 వేలు వేతనంలో కలుస్తుంది. అప్పుడు చట్టం దృష్టిలో వేతనం 18 వేలు అవుతుంది. మిగిలిన 18 వేల కమీషను బయటే ఉంటుంది.

అంటే ఒకే బాకీకి రెండు దారులు ఏర్పడ్డాయి. వేతనం కిందికి వచ్చే భాగానికి లేబర్ అధికారి దగ్గరికి వెళ్లాలి, బయట ఉన్న భాగానికి ఒప్పందం ఆధారంగా సివిల్ కోర్టుకు వెళ్లాలి. రుజువు భారం గురించి చెప్పే సెక్షనులో మాత్రం వేతనం అనే కాకుండా 'ప్రతిఫలం' అన్న విశాలమైన మాట కూడా వాడారు. దాన్ని పట్టుకుని వాదించే అవకాశం మంచి లాయరుకు ఉంది. తేనాంపేట డీఎంఎస్ ఆవరణలో లేబర్ కమిషనర్ ఆఫీసు ఉంది. మీ ప్రాంతానికి ఏ అధికారి ముందు దరఖాస్తు పెట్టాలో అక్కడ అడిగి తెలుసుకోండి.

సేల్స్‌మన్ కార్మికుడా?

ఈ ప్రశ్నకు మన న్యాయస్థానాలు చాలా దశాబ్దాలు తలపట్టుకున్నాయి. 1961లో మే అండ్ బేకర్ కేసులో మెడికల్ రిప్రజెంటేటివ్ 'వర్క్‌మన్' కాడని సుప్రీంకోర్టు అంది. అతను చేసేది చేతిపనీ కాదు, గుమాస్తా పనీ కాదు, సరుకు కోసం ప్రచారం అన్నది కారణం. ఆ లోటు పూడ్చడానికి 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. అది మొదట మందుల పరిశ్రమకే వర్తించేది. 2011లో సబ్బులు, సౌందర్య సాధనాలు, రెడీమేడ్ దుస్తులు, బిస్కెట్లు, శీతల పానీయాలు, రంగులు, విద్యుత్ ఉపకరణాలు వంటి వాటికీ విస్తరించారు. ఈలోగా 1994లో, హెచ్.ఆర్. ఆద్యంతాయ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పాత మాటనే నిలబెట్టింది. అమ్మకాల ప్రచారం చేసేవాడు పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనంలోకి రాడు, అతనికి రక్షణ 1976 చట్టం ద్వారానే అని తేల్చింది. ఇప్పటి కొత్త కోడ్‌లలో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగిని 'వర్కర్' నిర్వచనంలోనే చేర్చారు. అరవై ఏళ్ల వాదనకు ఇది కొంత ముగింపు.

కమీషను జీతంలో భాగమా అన్నదానికీ ఇలాంటి చరిత్రే ఉంది. నా వయసు గుమాస్తాలకు గెస్టెట్నర్ డూప్లికేటర్ యంత్రం గుర్తుండే ఉంటుంది. దాంతో సర్క్యులర్లు తీసి చేతికి ఇంకు అంటించుకోని గుమాస్తా ఉండేవాడు కాదు. ఆ కంపెనీ సేల్స్‌మన్ల కమీషను గురించి 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగ ఒప్పందం ప్రకారం అమ్మకాల మీద స్థిరమైన శాతంగా ఇచ్చే కమీషను జీతంలో భాగమే అంది. అది ఆదాయపన్ను కింద ప్రావిడెంట్ ఫండ్ లెక్కకు సంబంధించిన కేసు. అయినా ముందే నిర్ణయించిన శాతం వేరు, యజమాని దయతో ఇచ్చే బహుమానం వేరు అన్న తేడా అందులో స్పష్టంగా ఉంది. మరోపక్క గ్రాట్యుటీ చట్టం, ఈపీఎఫ్ చట్టం తమ నిర్వచనాల్లో కమీషనును బయట పెట్టాయి. ఒక్కో చట్టం ఒక్కో మాట చెబుతుంది కాబట్టి ఏ దారిన వెళితే ఏది చెల్లుతుందో ముందే తెలుసుకోవాలి.

దీనికన్నా ముందు తేలవలసిన సంగతి ఇంకొకటి. మీరు ఉద్యోగా, కమీషను ఏజెంటా? కోర్టులో యజమాని మొదట అనే మాట "అతను మా ఉద్యోగి కాడండీ, ఏజెంటు" అని. దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉండవచ్చు. 1961 ఆదాయపన్ను చట్టం కింద జీతం మీద పన్ను 192 సెక్షనుతో, కమీషను ఏజెంటు మీద 194హెచ్‌తో పట్టేవారు. ఆ ఏళ్ల ఫారం 26ఏఎస్ తీసి చూడండి. అందులో 192 అని ఉంటే యజమానే మిమ్మల్ని ఉద్యోగిగా ఒప్పుకున్నట్టు. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, హాజరు పట్టీ, సెలవు చీటీ అన్నీ సాక్ష్యాలే. ఏజెంటే అయినా బాకీ పోదు. ఒప్పందాల చట్టం కింద దావా వేయవచ్చు, లేబర్ అధికారి దగ్గరికి వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది.

గుమాస్తా చిట్టా చెప్పే నిజం

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్‌లో గుమాస్తాగా చేశాను. కమీషను రిజిస్టరు నా చేతుల్లోనే ఉండేది. ఎవరైనా సేల్స్‌మన్ రాజీనామా ఇస్తే అతని పేరు పక్కన ఎర్ర ఇంకుతో 'హోల్డ్' అని రాయమని పైనుంచి మాట వచ్చేది. రాసేవాణ్ణి. ఎందుకని అడగలేదు. కొందరు రెండు మూడు నెలలు తిరిగి, విసిగి, రావడం మానేసేవాళ్లు. ఏడాది చివర్లో ఆ పద్దును కొట్టేసేవాళ్లం. అడగడం మానేసినవాడి డబ్బు కంపెనీ లాభంలో కలిసిపోయేది. ఆ ఎర్ర ఇంకు గీతలు ఇప్పుడు గుర్తుకొస్తే నాకు సిగ్గేస్తుంది.

యజమాని వైపు న్యాయం బొత్తిగా లేదని నేననను. సరుకు వాపసు రావచ్చు. బిల్లు వసూలు కాకపోవచ్చు. సేల్స్‌మన్ తన ఇష్టానికి డిస్కౌంటు ఇచ్చి ఉండవచ్చు. అందుకే దావా వేసేవాడు తన లెక్క తానే ముందు కడిగి చూసుకోవాలి. వసూలైన బిల్లులెన్ని, వాపసు వచ్చినవెన్ని, వాటిని తీసేస్తే మిగిలిందెంత? ఈ అబ్బాయి చేత అదే పని చేయించాను. రెండు రాత్రులు కూర్చుని 2,86,000లో వాపసు సరుకు తాలూకు 19 వేలు తానే తగ్గించుకున్నాడు. అతని మాట మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

నియామక పత్రంలో కమీషను శాతం ఎంత, అమ్మగానే ఇస్తారా, డబ్బు వసూలయ్యాక ఇస్తారా, ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఇస్తామన్న షరతు ఉందా అన్నవి చూడండి. ఆ చివరి షరతు ఉంటే పోరాటమంతా దాని చుట్టూనే నడుస్తుంది. అటువంటివారు లాయరును కలవకుండా ఒక్క ఉత్తరం కూడా రాయవద్దు. షరతు లేకపోతే మీ చేతిలో బలమున్నట్టే. నెలనెలా వచ్చిన కమీషను స్టేట్‌మెంట్లు, బ్యాంకు పాస్‌బుక్కులో పడ్డ పాత కమీషన్లు, ఆర్డరు ఫారాలు దాచుకోండి. ఫోనులోని సందేశాలను కోర్టులో పెట్టాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్టు జతచేయాలి. కాబట్టి ఆ పాత ఫోను అమ్మేయకండి. బిల్లుల అసలు కాపీలు యజమాని దగ్గరే ఉన్నాయని దిగులు పడనక్కర్లేదు. వాటిని తెచ్చి చూపమని కోర్టు ద్వారా అడగవచ్చు.

ఖర్చెంత, లాభమెంత?

"కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు" అని మన పెద్దలు అనేవాళ్లు. అందులో అనుభవం ఉంది. అయినా లెక్క వేయకుండా భయపడటం కూడా తెలివి కాదు.

తమిళనాడులో డబ్బు దావాలకు కోర్టు ఫీజు 2017లో ఏడున్నర శాతం నుంచి మూడు శాతానికి తగ్గింది. 2,67,000 రూపాయల దావాకు సుమారు 8 వేలు. రాజీ కుదిరితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు. కోర్టు బయట మనలో మనమే రాజీ పడినా వెనక్కి ఇవ్వాలని, మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన ఒక వ్యవహారంలో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దావా వేశాక కూడా రాజీ తలుపు తెరిచే ఉంటుంది. గడువు కాపాడుకుని మాట్లాడుకోవడానికి దావా ఒక మార్గం. రాత ఒప్పందం ఉండి, బాకీ మొత్తం తేలి ఉంటే సివిల్ ప్రొసీజరు కోడ్ 37వ ఆర్డరు కింద సమ్మరీ దావా వేయవచ్చేమో లాయరును అడగండి. అందులో ప్రతివాది పది రోజుల్లో హాజరవ్వాలి, వాదించడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

లాయరు ఫీజు భరించలేనివాళ్లకు హైకోర్టు ఆవరణలో రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇరువురూ ఒప్పుకుంటేనే అది సాధ్యం.

చేయకూడని పనులు రెండు. కొత్త పార్టీల దగ్గర వసూలు చేసిన డబ్బును "నా బాకీ కింద ఉంచుకున్నాను" అని జేబులో పెట్టుకోకండి. ఉద్యోగి అలా చేస్తే అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద నమ్మకద్రోహం నేరంగా కేసు పెట్టే వీలిస్తుంది. న్యాయం మీ వైపున్నా మీరే ముద్దాయి అవుతారు. రెండోది, దివాలా కోర్టుకు లాగుతానని బెదిరించకండి. 2020 మార్చి నుంచి ఆ దారికి కనీస బాకీ కోటి రూపాయలు. చెల్లని బెదిరింపు మీ మాటకున్న విలువను తగ్గిస్తుంది. "నాకు రావలసిందేమీ లేదు" అన్న ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద, డబ్బు ఖాతాలో పడకుండా సంతకం చేయకండని వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి సంగతి చెబుతుంటారు. కాలిఫోర్నియాలో 2013 నుంచి కమీషను ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, లెక్క కట్టే పద్ధతి అందులో రాయాలి, యజమాని సంతకం చేసిన ప్రతి ఉద్యోగికి ఇవ్వాలి. మన కొత్త కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. కమీషను లెక్క కట్టే పద్ధతి కూడా అందులో రాసి తీరాలన్న నియమం ఇక్కడా రావాలని మన సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలి.

మనవాడని ఊరుకోవాలా?

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. నలుగురూ ఏమనుకుంటారు? తెలుగువాళ్లు చెన్నపట్నంలో తరతరాలుగా వ్యాపారం చేసింది మాట మీద, పద్దు మీద. బాకీ ఉంచుకున్నవాడికి పరువు తక్కువ గానీ, అడిగినవాడికి కాదు. మనవాడు కదా అని అబ్బాయిని ఊరుకోమంటున్నాం. మరి మనవాడు కదా అని అతని డబ్బు ఇచ్చేయమని యజమానికి ఎందుకు చెప్పలేకపోతున్నాం? నేనే చెప్పలేకపోయాను.

నా అభిప్రాయం ఇది. నియామక పత్రంలో శాతం ఉంది. లెక్క తేటగా ఉంది. ఉద్యోగంలో ఉంటేనే అన్న షరతు లేదు. ఫారం 26ఏఎస్ అతను ఉద్యోగి అని చెబుతోంది. ఇవి నాలుగూ ఉన్నప్పుడు దావా వేయవచ్చు. ఇందులో రెండు లేకపోతే రాజీకే ఎక్కువ విలువ ఇవ్వమంటాను. అబ్బాయికి చెప్పింది కూడా అదే. ఆగస్టు 10కి ముందు ఒక్కసారి యజమాని దగ్గరికి వెళదాం, ఈసారి నేను కాఫీ తాగను. బాకీ లెక్క మీద సంతకం పెడితే వాయిదాలకు ఒప్పుకుందాం. పెట్టకపోతే లాయరు సిద్ధం చేసిన దావా ఆ వారమే సిటీ సివిల్ కోర్టులో పడుతుంది. తండ్రిగారు చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేముందు, "పదో తేదీ అన్నారు కదా, నేనూ వస్తాను" అన్నారు.

మన సంఘం ఆఫీసులో ఇలాంటి తగాదాల కోసం ఒక రిజిస్టరు తెరిచాను. పేరు, బాకీ మొత్తం పక్కన మూడో గడిలో 'గడువు తీరే తేదీ' అని రాస్తున్నాను. మిగతా తెలుగు సంఘాల కార్యదర్శులకు కూడా నా మనవి అదే. రాజీ మాటలు మొదలుపెట్టేముందు ఆ గడి నింపండి. ఉగాది చందా రాకపోతే ఒక ఏడు భోజనంలో బూరెలు తగ్గించుకుందాం.